పికప్ వెనుక యాక్సిల్ సీలు లీకేజీ, బ్రేకుల మరమ్మతు

పికప్ ట్రక్కు వెనుక యాక్సిల్ గొట్టం చివర, షాఫ్టు చక్రం వైపు బయటికి వచ్చే చోట, గేర్ ఆయిల్‌ను లోపలే ఆపి ఉంచే రబ్బరు వలయాన్ని యాక్సిల్ ఆయిల్ సీలు అంటారు. దాని పక్కనే బ్రేక్ డ్రమ్ము ఉంటుంది. అందువల్ల సీలు కారితే ఆయిల్ నేలమీద పడకముందే బ్రేక్ షూలకు అంటుకుంటుంది. సీలు తనంతట తానే అరిగిపోవడమే కాదు, మరో భాగంలోని లోపం వల్ల కూడా దెబ్బతింటుంది. ఆ లోపాన్ని వదిలేసి సీలు ఒక్కటే మార్చితే కారడం మళ్ళీ మొదలవుతుంది.

నిర్మాణం

తేలికపాటి పికప్‌లలో సాధారణంగా సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ ఉంటుంది. ఇందులో షాఫ్టు చక్రాన్ని తిప్పడంతోపాటు బండి బరువునూ మోస్తుంది. బరువైన సరుకు మోసే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో బరువు హబ్బు లోపలి బేరింగుల మీద పడుతుంది. షాఫ్టుకు తిప్పే పని ఒక్కటే.

సెమీ ఫ్లోటింగ్ షాఫ్టును పట్టి ఉంచే పద్ధతులు ప్రధానంగా రెండు. ఫోర్డ్ ఎఫ్-150లో వాడిన 8.8 అంగుళాల యాక్సిల్‌లో షాఫ్టు లోపలి కొసకు, డిఫరెన్షియల్ (యాక్సిల్ నడుమ ఉండే గేర్ల సముదాయం) మధ్యలో, ‘సీ’ ఆకారపు క్లిప్పు ఉంటుంది. ఈ రకంలో బేరింగు రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. టయోటా హైలక్స్ వంటి వాటిలో బేరింగును షాఫ్టు మీద ప్రెస్సుతో ఎక్కించి, బ్రేక్ షూలు ఉండే బ్యాకింగ్ ప్లేటు దగ్గర నట్లతో బిగిస్తారు.

గుర్తులు

టైరు లోపలి వైపు నూనె చారలు, బ్యాకింగ్ ప్లేటు కింది అంచున తడి, బ్రేకు వేసినప్పుడు పట్టు లేకపోవడం లేదా ఉన్నట్టుండి పట్టేయడం ప్రధాన లక్షణాలు. షూలను నెట్టే వీల్ సిలిండర్ కారినా డ్రమ్ము ఇలాగే తడుస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన వేస్తుంది. బ్రేక్ ఆయిల్ పల్చగా ఉంటుంది, అది కారితే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది.

కారణాలు

మొదట చూడాల్సింది యాక్సిల్ గొట్టం పైనుండి గాలిని వదిలే బ్రీదర్. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో పూడిపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ను సీలు పెదవి (షాఫ్టును తాకే అంచు) దాటించి బయటికి నెడుతుంది. ఆయిల్ మోతాదు మించినా ఇదే జరుగుతుంది.

బేరింగు అరిగితే షాఫ్టు ఊగి, సీలు పెదవి ఒక పక్క నలుగుతుంది. పెదవి ఆనే చోట షాఫ్టు మీద గాడి పడటం మరో కారణం. గోటితో అడ్డంగా గీసినప్పుడు గోరు తట్టుకుంటే, కొత్త సీలు వేసినా నిలవదు. అలాంటప్పుడు పల్చని ఉక్కు తొడుగు ఎక్కిస్తారు, లేదా షాఫ్టునే మారుస్తారు.

సీలు మార్పిడి

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలుపుతారు. ఒక్క జాకీని నమ్ముకుని పని చేయడం ప్రమాదం. హ్యాండ్ బ్రేకు వదిలి డ్రమ్ము తీస్తారు.

క్లిప్పు రకంలో డిఫరెన్షియల్ మూత తెరిచి ఆయిల్ దించి, పినియన్ పిన్నును పట్టి ఉంచిన బోల్టును, ఆపై పిన్నును తీస్తారు. షాఫ్టును కొద్దిగా లోపలికి నెడితే క్లిప్పు ఊడి వస్తుంది. అప్పుడు షాఫ్టును బయటికి లాగుతారు. రెండో రకంలో ఈ పని అక్కర్లేదు. బ్యాకింగ్ ప్లేటు నట్లు విప్పి షాఫ్టును బేరింగుతో సహా లాగుతారు. అయితే బేరింగు మార్చాలంటే ప్రెస్సు కావాలి.

పాత సీలు తీశాక వేసే కొత్త సీలులో స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు తిరిగి ఉండాలి. పెదవికి గేర్ ఆయిల్ రాసి, సీలు అంచంతటా సమంగా ఆనే సాధనంతో తిన్నగా కొట్టి కూర్చోబెడతారు. షాఫ్టు పళ్ళు పెదవిని చీల్చకుండా, దాని బరువు సీలు మీద ఆనకుండా మెల్లగా దూర్చాలి.

బ్రేకుల పని

ఆయిల్ పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగినా, కాల్చినా పనికిరాదు. వేడెక్కినప్పుడు లోపలి ఆయిల్ మళ్ళీ పైకి వస్తుంది. షూలను రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్కే మార్చితే పట్టులో తేడా వస్తుంది. డ్రమ్మును బ్రేక్ క్లీనర్‌తో కడిగి, లోపలి వ్యాసం కొలుస్తారు. అది డ్రమ్ము మీద ముద్రించిన గరిష్ఠ కొలత దాటితే డ్రమ్మును పారేయాలి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ధూళిని గాలితో ఊదకూడదు.

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును పైకెత్తి చూసినప్పుడు లోపల తడి కనిపిస్తే సిలిండర్ కూడా మార్చాల్సిందే. బ్రేకు గొట్టం విప్పితే కొత్త బ్రేక్ ఆయిల్ పోసి గాలి తీస్తారు. ఏ రకం పోయాలో డబ్బా మూత మీద ఉంటుంది. తాజా డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4ది 230. తేమ పీల్చేకొద్దీ ఇది పడిపోతుంది. అందుకే తెరిచి చాలాకాలమైన సీసాలోది వాడరు.

ముగింపు తనిఖీ

బండిని చదునైన చోట నిలిపి, కంపెనీ సూచించిన గేర్ ఆయిల్‌ను నింపే రంధ్రం కింది అంచు వరకు పోస్తారు. అనేక పికప్‌లకు ఇదే పద్ధతి. బ్రీదర్ శుభ్రం చేసి, షూలను సరిచేసి, తక్కువ వేగంలో బ్రేకు పరీక్షిస్తారు. బ్యాకింగ్ ప్లేటు కింది అంచును తుడిచి, కొంత దూరం నడిపాక మళ్ళీ చూడాలి. అక్కడ మళ్ళీ తడి కనిపిస్తే బేరింగు, షాఫ్టుల తనిఖీ మిగిలినట్టే.