అరబిడాప్సిస్: పోలికతో పుట్టిన పేరు

అరబిడాప్సిస్ థాలియానా. పేరు బారెడు, మొక్క మాత్రం జానెడు. మన ఆవకు దగ్గర చుట్టం.

16వ శతాబ్దంలో జర్మనీలోని హార్జ్ కొండల్లో తిరిగిన యోహానెస్ థాల్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. 1753లో లిన్నేయస్ దీన్ని అరబిస్ ప్రజాతిలో చేర్చి, థాల్ పేరును జోడించాడు. 1842లో హేన్‌హోల్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని విడదీసి అరబిడాప్సిస్ అన్నాడు. గ్రీకులో 'ఆప్సిస్' అంటే రూపు. అరబిస్‌లా ఉండేదని అర్థం. ఇంకొకదాని పోలికతో పేరు తెచ్చుకున్న ఈ కలుపుమొక్కనే ఇప్పుడు మిగతా మొక్కలకు నమూనాగా చూస్తున్నారు. సుమారు ఆరు వారాల్లో విత్తనం మళ్లీ విత్తనమవుతుంది. మొక్కలన్నిటిలో మొదట పూర్తయిన జన్యుపటం దీనిదే, 2000లో.

దీని కుండీకి నీళ్లు ఆపితే ఆకుల్లో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. కంటికి కనిపించని పత్రరంధ్రాలు మూసుకుంటాయి. ఉన్న తడి లోపలే నిలుస్తుంది. నీళ్లు చాలని ఈ స్థితిని పుస్తకాల్లో 'ఒత్తిడి' అని రాస్తున్నారు. నాకైతే 'బెట్ట' అన్న రైతు మాటే సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం మొక్కజొన్న ఆకు గొట్టంలా చుట్టుకుంటే, చేను బెట్టకొచ్చిందంటారు.