నాగలినుండి కొట్టువఱకు: అనకాపల్లి బెల్లపు వర్తకమున మనవారు

మహాసభా సంచికలలో దానధర్మములచే వన్నెకెక్కిన కులపెద్దల జీవితములు ముద్రించుట పరిపాటి. వారి పటము, జన్మసంవత్సరము, కట్టించిన సత్రము, ప్రతిష్ఠించిన దేవాలయము, ఇవియే అందలి ముఖ్యవిషయములు. అట్టి వ్యాసములను చదివి మేమును సంతోషించువారమే. కాని ఆ మహనీయుని తాత యేమి చేయుచుండెను, నాగలిమేడి పట్టిన చేయి త్రాసును ఎట్లు పట్టినది అను ప్రశ్నకు అందు సమాధానము కానరాదు. కావున ఈ పర్యాయము ఒక్కని చరిత్రమునుగాక, రైతు వర్తకుడై, వర్తకుడు దాతయైన త్రోవను, మన అనకాపల్లి ప్రాంతమున అనేకులు నడచిన త్రోవను, మాకు తెలిసినంతవఱకు వ్రాయ పూనుకొన్నాము.

మన గవరలనుగూర్చిన పురాతనగాథను 1909లో ప్రకటింపబడిన తన గ్రంథమున థర్‌స్టన్ దొర వ్రాసియుంచెను. మనవారు ఏలూరు దాపుననున్న వేంగీనగరమున నివసించుచుండిరట. ఘోషాలోనున్న మన ఆడుబిడ్డ యొకతె సౌందర్యమునుగూర్చి విని ఆ రాజు ఆమెను చూడగోరగా, పెద్దలు సమ్మతింపరైరి. రాజు ఇండ్లకు నిప్పుపెట్టింపగా, తలుపులు బిగించుకొని కొందఱు దగ్ధులైరి. తక్కినవారు స్త్రీలను పెద్దపెట్టెలలో నుంచుకొని తీరముచేరి, ఓడలెక్కి పూడిమడకయొద్ద దిగిరి. అటుపిమ్మట కొండకర్ల సమీపమున నొక గ్రామమును, గవర్ల అనకాపల్లియను వేఱొక గ్రామమును కట్టుకొనిరి. అనకాపల్లి నిర్మాతయగు పాయకరావు పిలువగా పట్టణమునకు వచ్చి నిలిచిరి. ఊరికి బొడ్డుకఱ్ఱ నాటునపుడు, అందఱును వాడు పాలకఱ్ఱను విడిచి, చెదపట్టని చండ్రకఱ్ఱను నాటిరనియు, అందుచేతనే అనకాపల్లి నాటినుండియు వర్ధిల్లుచున్నదనియు గాథ ముగియును.

ఇందు చరిత్ర యెంత, కల్పన యెంత? వేంగిని విడిచిపోయిన కథను ఒక్క మనమే చెప్పుకొనుటలేదు. రాజు కన్యనడుగుట, కులము గ్రామము విడుచుట అను కథ దక్షిణదేశమున పెక్కు కులములలో కలదు. కావున దానిని శాసనమువలె నమ్ముమని మేము చెప్పజాలము. అయినను చండ్రకఱ్ఱ మాట మాకు మిక్కిలి నచ్చినది. కృషీవలుడు తప్ప అన్యుడు ఊరి శుభమును చెదపట్టని కొయ్యతో ముడిపెట్టడు. గవరపాలెమున జరుగు గౌరీపరమేశ్వరుల యుత్సవమును, కొత్త అమావాస్యనాటి నూకాంబిక జాతరను చూచినవారికి మన కులనామము గౌరినుండి వచ్చినదను వాడుక యేల నిలిచినదో చెప్పవలసిన పనిలేదు.

ఇక చెఱకు. శారదానది నీరు, చెఱువుల నీరు, నూతినీరు పాఱు పల్లపు మడులలో మనవారు దీనిని పండించిరి. ఏడాది పైరు, ఏడాదికాలము ఇంటికి కాసు రాదు. ముచ్చెలు కొనుట, నాటుట, జడచుట్టుట, ఎరువు, కాపలా, నఱకుట, అన్నియు చేతిసొమ్ముతో జరుగవలెను. తుదకు గానుగయొద్ద రాత్రింబవళ్లు మెలకువ. రసము పెనమున మరుగుచుండగా మడ్డి తీయవలెను, సున్నము పాలు మించరాదు, పాకము ఒక్క నిమిషము తప్పినను దిమ్మ గట్టిపడదు. పిప్పియే ఎండి పొయ్యికి వంటచెఱకగును. ఇంత శ్రమకును ఫలము అంగడిలో కొనువాని కంటిచూపుపై నాధారపడును; ఏలయన బెల్లమునకు రంగే వెల. ఈ రంగుకొఱకే తరువాతికాలమున రసములో హైడ్రోసు కలుపు అలవాటు ప్రబలినది. తెల్లని దిమ్మకు హెచ్చుధర, నల్లని దిమ్మకు తక్కువధర యిచ్చుచు రైతును నిందించుట న్యాయముగాదని మా యభిప్రాయము.

పూర్వము గానుగ కొయ్యది. 1870వ దశాబ్దమున బీహారునందలి బిహియాలో ఇద్దఱు ఆంగ్లేయులు ఇనుపగానుగను కనిపెట్టగా, అది క్రమముగా దేశమంతట వ్యాపించినది. మా దృష్టిలో మనవారి వర్తకచరిత్ర కీలకమిందే యున్నది. ఇనుపగానుగ కొనగలిగినది ఊరికి ఒకరిద్దఱే. తన చెఱకాడినపిదప వారు దానిని పొరుగువారికి అద్దెకిచ్చిరి. అద్దె బెల్లముగా వచ్చెను. ఆ బెల్లముతోబాటు చుట్టములదికూడ బండ్లకెత్తుకొని అనకాపల్లి తోలుకొనిపోయి అమ్మిపెట్టిరి. రెండుమూడేండ్లు ఇట్లు తిరుగునప్పటికి ధరల మర్మము తెలిసెను. అంతట పెద్దకుమారుని పొలమున నిలిపి, చిన్నవానికి పట్టణమున ఒక కొట్టు పెట్టించిరి. దీనిని ఏ సాహసకృత్యముగను ఎవరును తలపలేదు. ఒక బండి, ఒక గానుగ, నమ్మకస్థుడను పేరు, ఈ మూడే నాటి మూలధనము.

కాలమును తోడైనది. 1893లో బెజవాడనుండి వాల్తేరువఱకు రైలుమార్గము పడినది. కొలది సంవత్సరములకే అది కలకత్తా మార్గముతో కలిసినది. అంతవఱకు బండ్లపై నడచిన సరకు ఓడ్రదేశమునకును, వంగదేశమునకును పెట్టెలలో పోవ మొదలిడెను. 1913లో ప్రభుత్వమువారు అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధనక్షేత్రమును స్థాపించిరి. నేటికిని అచట పుట్టిన చెఱకు వంగడముల పేరులో ‘కో’ తరువాత వచ్చు ‘ఎ’ అను అక్షరము మన ఊరినే సూచించును. బెల్లపు అంగళ్లలో దేశమున రెండవదను ఖ్యాతి మన పట్టణమునకు వచ్చుటలో గానుగదారు, రైలు, ఈ క్షేత్రము, మూడును పాలుగొన్నవి.

1932లో విదేశపు చక్కెరపై రక్షణసుంకము విధింపబడెను. అప్పుడు దేశమున సుమారు 30 మాత్రమే యున్న చక్కెరమిల్లులు అయిదేండ్లలో 130కి మించెను. సంస్థానాధీశులును, సేట్లును మిల్లులు పెట్టుచుండగా, మన జిల్లా రైతులు వేఱొక యోచన చేసిరి. తామే వాటాలు వేసికొని మిల్లు పెట్టుకొనరాదా? 1933లో ఏటికొప్పాక సహకారసంఘము పుట్టెను. ఆ రెండుమూడేండ్లలోనే అనకాపల్లి చెంతనున్న తుమ్మపాలలోను, కృష్ణాజిల్లా వుయ్యూరులోను అట్టి యత్నములే జరిగెను. సహకారపద్ధతిని చక్కెరమిల్లులు మహారాష్ట్రమున పేరుగాంచుటకు ఎంతో ముందే మన తెలుగురైతు ఈ సాహసము చేసెనని నేటి యువకులెందఱికి తెలియును? మొదటి యత్నములలో ఏటికొప్పాకదే స్థిరముగా నిలిచినది. తక్కినవి ఒడిదుడుకులకు లోనయ్యెను. తుమ్మపాల మిల్లు తరువాతి కాలమున రైతునాయకుడగు వి.వి. రమణగారి పేర వెలసి, తరములవఱకు వేలాది కుటుంబముల చెఱకును కొన్నది. రమణగారికి మనము చేయదగిన గౌరవము ఆ మిల్లు గుమ్మముపైనే యుండినది. ఇటీవలి సంవత్సరములలో దాని గానుగాట నిలిచిపోవుట మనసును కలచుచున్నది.

ఇతర ప్రాంతములలోను ఇట్టి త్రోవయే కనబడును. పశ్చిమగోదావరిజిల్లా వ్యవసాయకుటుంబమున 1921లో జన్మించిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాదుగారు 1947లో తణుకున ఆంధ్ర షుగర్సు స్థాపించి, చక్కెరనుండి రసాయనపరిశ్రమలకు, అటనుండి రాకెట్టు ఇంధనమునకు పోయిరి. 2011లో మరణించునంతవఱకు తాను రైతుననియే చెప్పుకొనిరందురు. వారిది వేఱు కులము, వేఱు జిల్లా. అయినను చెఱకు మడినుండి యంత్రశాలకు నడచిన నడక మనకు పరిచితమే. తేడా ఒక్కటి. గోదావరి కాలువలు ఏటేట నీరిచ్చును. మనకు శారద ఒకయేడు పొంగును, ఒకయేడు ఎండును. మన పెట్టుబడి మిల్లులకుగాక కొట్లకు మరలుటకు ఇదియు నొక కారణమని తోచుచున్నది.

దానములను చెప్పుకొందము. వర్తకపట్టణములలో అమ్మకముపై స్వల్పాంశమును ధర్మఖాతాకు తీసియుంచుట దక్షిణదేశమున పురాతనాచారము. సత్రములు, చలిపందిళ్లు, దేవునికల్యాణములు దానిపై నడచినవి. స్వాతంత్ర్యానంతరము ఆ ధర్మబుద్ధి విద్యవైపు మరలినది. అనకాపల్లి వర్తకసంఘమువారి లింగమూర్తి కళాశాల అట్లు పుట్టినదే. సంఘము పేరును దాతపేరును కలిసి నాలుగక్షరములై, ‘ఏ.ఎం.ఏ.ఎల్. కళాశాల’యని విద్యార్థుల నోట నిలిచినవి. అక్షరము రాని గానుగదారుల మనుమలు ఆ తరగతులలో కూర్చుండి పట్టభద్రులైరి. ఈ కళాశాల ఒక్క కులమువారిదిగాదు, ఒక్క కులముకొఱకును గాదు. దాని గొప్ప అందే యున్నది.

ఇచ్చట ఒక మాటను దాచుట చరిత్రకారునికి తగదు. ధర్మఖాతాకు పోవు సొమ్ము ఎవరిది? దిమ్మలు అమ్మునపుడు కమీషను, కూలి, తరుగు, ధర్మము అని వరుసగా కోసిన పిదపనే రైతుచేతికి మిగిలినది వచ్చుచుండెను. పలకపై దాతగా వర్తకుని పేరున్నది. పెనముకడ కాచుకొన్నవాని పేరులేదు. మఱియు, పంటకుముందు పెట్టుబడి ఇచ్చినవాని కొట్టుకే సరకు తోలవలెనను కట్టుబాటు. కొట్టులో కూర్చున్నవాడు మేనమామ, బండితోలుకొని వచ్చినవాడు మేనల్లుడు. బాకీ లెక్క చూచునపుడు వావివరుసలు వినబడవు. మా యింటిలోనే ఇట్టి లెక్కపై రెండు శాఖలు పదునెనిమిదేండ్లు పెండ్లిండ్లకు పిలుచుకొనలేదు. దానిని తప్పొప్పులకై వ్రాయుటలేదు. పెట్టుబడి యిచ్చినవాడును లేకున్న ఆ ఏటి చెఱకు నాటబడియుండదు. రైతును వర్తకుని ఒకే కుటుంబమున నుంచిన ఆ పద్ధతియే మన కులమునకు అభివృద్ధియు నిచ్చినది, లోలోపల గాయమును నిచ్చినది.

1948లో ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీ పోయెను. రైతు పట్టాదారయ్యెను. అయినను ఆ చట్టముచే కొట్టు బాకీ రద్దుకాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చెఱకును నేలకు పడవేసినపుడు పెట్టుబడిదారునొద్దకు మరల పోవలసివచ్చినది చిన్నరైతే. కూలీలు దొరకక, మిల్లు నడువక, పెక్కండ్రు చెఱకు తీసివేసి సరుగుడు వేయుచున్నారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాకేంద్రమైనది. ఊరు పెరుగుచున్నది, గానుగలు తగ్గుచున్నవి.

ఈ చరిత్రకు ఆధారములు రాతిశాసనములుగావు. కొట్లలో వ్రాసిన చిట్టాలు, ఆవర్జాలు, రైలు రసీదులు, గానుగ అద్దెపుస్తకములు. అటుకలపై చెదలు పట్టుచున్న వీనిని కొందఱు పాతకాగితములవానికి తూచి యిచ్చుచున్నారు. ఎవరియింట నట్టివి యున్నను, చిరిగినవైనను, ఎవరి బాకీ ఎంతయని వెల్లడియగునను సంకోచము లేక, సంఘకార్యాలయమునకు తెచ్చి చూపవలెనని వేడుచున్నాము. నకలు తీసికొని అసలును వారమురోజులలో మరల ఇల్లుచేర్చు బాధ్యత మాది. గానుగ అద్దెపుస్తకములు మొదట కావలెను.