ఒక పనిలో కలిసిన చేతులు: కాచిగూడ చరిత్ర చెప్పు పాఠము

భిన్న మతములకు చెందిన యువజనులు సోదరభావముతో మెలగవలెనని సభలలో పెద్దలు చెప్పుచునే యుందురు. ఆ మాట మంచిదే. కాని ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఎవరి వీధికి వారు పోవుదురు. మనుష్యులను మాటకంటె పని గట్టిగా కలుపును. ఈ సత్యమునకు హైదరాబాదు నగర చరిత్రలో, విశేషించి కాచిగూడ పరిసరములలో, చక్కని నిదర్శనములు కలవు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. అఫ్జల్‌గంజ్ చెంత ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికి బయటపడిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును నేటికిని చూపుదురు. బాధితుల సేవకు సరోజినీ నాయుడుగారు పూనుకొనిరి. ఆపద వచ్చినప్పుడు మత భేదము మరపునకు వచ్చుట సహజము. కాని వరద తీసిన పిమ్మటను ఆ ఐక్యము నిలువవలెనన్న, దినదినము కలిసి చేయదగిన కార్య మొకటి కావలెను.

అట్టి కార్యము కాచిగూడలో పత్రికారూపమున వెలసెను. మందుముల నరసింగరావుగారు తెలుగువారు, హిందువులు. వారు నడపిన ‘రయ్యత్’ ఉర్దూ పత్రిక. 1920లో మహబూబాబాదు ప్రాంతమున జన్మించిన షోయబుల్లాఖాన్‌గారు అందు పనిచేసి తమ కలమునకు పదును పెట్టుకొనిరి. ఆ పత్రిక నిజాం ప్రభుత్వ నిర్బంధమునకు గురియై నిలిచిపోగా, బూర్గుల రామకృష్ణారావుగారి తోడ్పాటుతో 1947 నవంబరులో ఖాన్‌గారు ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికను స్థాపించిరి. ఇమ్రోజ్ అనగా ‘నేడు’ అని యర్థము. దాని కార్యాలయము కాచిగూడలో నుండెను.

ఆ దినము లెట్టివో పెద్దలెరుగుదురు. రజాకార్ల దౌర్జన్యములతో పల్లెలు తల్లడిల్లుచుండెను. ఇరుగుపొరుగువారే ఒకరినొకరు అనుమానించు కాలమది. అట్టి వేళ హిందూ సంపాదకుని యొద్ద పనిచేసిన ముస్లిం యువకుడు, హిందూ నాయకుని తోడ్పాటుతో, ప్రజలందరి బాధ్యతాయుత ప్రభుత్వము కొరకు ఉర్దూలో వ్రాసెను. వీరెవ్వరును తమ మతమును విడువలేదు. ఒకరి మతమును మరియొకరు మార్చజూడలేదు. పత్రిక వెలువడవలెనన్న పట్టుదలయే వారిని కలిపినది.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంస్థానము భారతదేశమున చేరవలెనని ప్రకటన గావించిరి. ఖాన్‌గారు దానిని తమ పత్రికలో ప్రకటించిరి. ఎదిరించు చేతులు నరుకబడునని అప్పటికే బెదిరింపులు వచ్చియుండెను. ఆగస్టు 21వ తేదీ రాత్రి పని ముగించి ఇంటికి పోవుచుండగా, కాచిగూడ ప్రాంతముననే దుండగులు వారిపై కాల్పులు జరిపి, చేతిని ఖండించిరి. అడ్డుపడిన బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌గారు సైతము ఒక చేతిని కోల్పోయిరి. ఖాన్‌గారు 22వ తేదీ తెల్లవారుజామున కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు ఇరువది యేడేండ్లు. నాలుగు వారములు తిరుగకముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయెను.

అన్ని సత్కార్యములకును ఇంతటి మూల్యము చెల్లింప నక్కరలేదు. కాచిగూడకు చేరువనున్న నారాయణగూడలో వై.ఎం.సి.ఏ. కలదు. 1844లో లండనులో జార్జి విలియమ్సు స్థాపించిన క్రైస్తవ యువజన సంఘమునకు అది శాఖ. దాని క్రీడాస్థలమున అన్ని మతముల బాలురును కలిసి ఆడుదురు. బంతి నందించువాడు తోటివాని కులగోత్రము లడుగడు. మరికొంత దూరమున చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఉద్యోగ పరీక్షలకై జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగరులో అద్దెగదులలో నుండు యువతీయువకులు అచ్చట ఒకే బల్ల చుట్టు కూర్చుండి చదువుకొందురు. ఒకరు వ్రాసుకొన్న విషయములు వేరొకరికి ఉపకరించును.

ఇంతవరకు చెప్పినది నగరపు ముచ్చట. మన పల్లెకు దీనితో నేమి పని యని పాఠకు లడుగవచ్చును. ఇరువది యైదేండ్లుగా మన గ్రంథాలయము తలుపులు అందరికిని తెరచియే యున్నవి. అయినను తలుపు తెరచినంత మాత్రమున మనసులు కలియవు. ఒకే గదిలో కూర్చుండియు ఎవరి పత్రిక వారు చదువుకొని పోవుట కలదు. కావున యువజనుల చేతికి ఉమ్మడి పని యొకటి అప్పగింపవలెను. చినిగిన పుస్తకములకు అట్టలు కట్టుట, పెద్దల నడిగి గ్రామచరిత్రను వ్రాసియుంచుట, పాత ఉర్దూ కాగితములను తెలిసినవారిచే చదివించి తెలుగులో నెక్కించుట: ఇట్టివి ఒక్కనివలన నగునవి కావు. గుడికి పోవువాడును, మసీదునకు పోవువాడును, చర్చికి పోవువాడును కూడినగాని సాగవు.

ఈ రజతోత్సవ సమయమున మన గ్రంథాలయ కార్యవర్గము అట్టి పని నొకదానిని ఈ సంవత్సరమే ప్రారంభించుగాక. షోయబుల్లాఖాన్‌గారి వంటివారి స్మృతికి అంతకు మించిన నివాళి లేదు.