యజమాని లేని పత్రిక: 'ట్రిబ్యూన్' వీలునామా కథ

ఒక వార్తాపత్రిక ఎవరికి చెందాలన్న తగాదా, చనిపోయిన మనిషి హిందువా కాదా అన్న ప్రశ్నగా మారి లాహోర్ నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. తీర్పు 1903లో వెలువడింది. ఈనాడు చండీగఢ్ నుంచి వస్తున్న 'ద ట్రిబ్యూన్' ఏ కుటుంబానికీ, ఏ కంపెనీకీ దఖలు పడకుండా మిగలడానికి ఆ తీర్పే మూలం.

సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియా లాహోర్‌లో ఈ పత్రికను 1881 ఫిబ్రవరి 2న ఆంగ్ల వారపత్రికగా ప్రారంభించాడు. సిక్కు సర్దారుల వంశంలో పుట్టినవాడు, బ్రహ్మసమాజ భావాలకు దగ్గరైనవాడు, 1893 లాహోర్ కాంగ్రెస్ మహాసభకు ఆహ్వానసంఘాధ్యక్షుడు. సంతానం లేదు. 1895లో రాసిన వీలునామాలో తన ఆస్తిని కళాశాలకు, గ్రంథాలయానికి, పత్రికకు కేటాయించాడు. ముద్రణాలయమూ పత్రికా శాశ్వతంగా ట్రస్టీల అధీనంలో ఉండాలి. ఉదార విధానాన్ని కొనసాగించాలి. మిగులు ఆదాయాన్ని పత్రిక మెరుగుదలకే వెచ్చించాలి. లాభం పంచుకునే హక్కు ఎవరికీ లేదన్నమాట. ఆ కాలపు జమీందారీ మనస్తత్వంలో ఇది విడ్డూరమైన దానం.

1898లో ఆయన మరణించగానే భార్య రాణీ భగవాన్ కౌర్ వీలునామాను సవాలు చేసింది. ప్రొబేట్ మంజూరైన చట్టం హిందువులకు వర్తించేది. తన భర్త హిందువు కాడు కనుక అది చెల్లదన్నది ఆమె వాదన. ఆహారవ్యవహారాల్లో ఆయన ఆచారం తప్పినవాడని, బ్రహ్మసమాజంతో మెలిగాడని సాక్ష్యాలు చూపారు. ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆ చట్టం దృష్టిలో సిక్కులు హిందువులలో భాగమేనని, ఆచారం సడలినంత మాత్రాన, బ్రహ్మసమాజం వైపు మొగ్గినంత మాత్రాన ఆ గుర్తింపు పోదని తేల్చింది. సిక్కులు హిందువులు కారని చాటే కరపత్రాలు పంజాబ్‌లో వెలువడుతున్న రోజులవి. రాజ్యాంగం 25వ అధికరణపై సాగే వాదనల్లో ఆ గాయం ఇప్పటికీ సలుపుతూనే ఉంది. ఒక సమాజాన్ని నొప్పించిన సూత్రమే ఒక పత్రికను కాపాడింది. చరిత్రలో ఇటువంటి చిక్కుముళ్లు తక్కువేమీ కాదు.

1906 నుంచి 'ట్రిబ్యూన్' దినపత్రిక అయింది. దాని యాజమాన్యానికి అసలు పరీక్ష 1919లో ఎదురైంది. పంజాబ్ ఘటనలపై రాసిన వ్యాసాలకు సంపాదకుడు కాళీనాథ్ రేకు సైనికశాసన న్యాయస్థానం రెండేళ్ల జైలుశిక్ష విధించింది. గాంధీ 'యంగ్ ఇండియా'లో ఆయన పక్షాన రాశాడు; శిక్ష మూడు నెలలకు తగ్గింది. అంతకంటే నన్ను ఆకర్షించేది మరొకటి. ఆ రోజుల్లోనే ట్రస్టీ మనోహర్ లాల్‌ను కూడా నిర్బంధించారు. బారిస్టరు, అర్థశాస్త్ర ఆచార్యుడు. ఒక్క వ్యాసమైనా ఆయన రాసినది కాదు. వాటా ధనం ఒక్క రూపాయి ముట్టని మనిషికి యాజమాన్యపు బాధ్యత మాత్రం సంకెళ్ల రూపంలో దక్కింది. అదే మనోహర్ లాల్ తరువాత పంజాబ్ ఆర్థికమంత్రి అయ్యాడు.

1947 ఆగస్టులో లాహోర్ భవనం, యంత్రాలు సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. సెప్టెంబర్ 25న సిమ్లా నుంచి పత్రిక మళ్లీ వెలువడింది. 1948లో అంబాలాకు, 1969లో చండీగఢ్‌కు మారింది. దయాళ్ సింగ్ కళాశాల, గ్రంథాలయం ఆయన పేరుతోనే లాహోర్‌లో మిగిలాయి. వారసులెవరైనా ఉండి ఉంటే పరిహారం పుచ్చుకుని మరో వ్యాపారం చూసుకునేవారేమో. ట్రస్టుకు మరో వ్యాపారం లేదు.

మన అనుభవం వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికను అమృతాంజనం ఆదాయం పోషించింది. 1938లో ఆయన మరణం తరువాత అది అల్లుడు శివలెంక శంభుప్రసాద్ చేతికి వచ్చింది, 1991లో మూతపడింది. త్యాగంలో పంతులు గారు దయాళ్ సింగ్‌కు తీసిపోరు. కానీ ఆయన పత్రిక కుటుంబంతో ముడిపడింది, ఈయనది ఒక దస్తావేజుతో.

అలాగని ట్రస్టును ఆకాశానికెత్తడం నాకు ఇష్టం లేదు. విశ్రాంత న్యాయమూర్తులు, మాజీ గవర్నర్లు, ఉన్నతాధికారులు కూర్చునే మండలి అది. జీవితమంతా రాజ్యవ్యవస్థ లోపల గడిపినవారు ఆ రాజ్యాన్నే నిలదీసే పత్రికకు కాపలాదారులు. పాఠకులు ఎన్నుకున్నవారు కారు, పాత్రికేయులు ఎన్నుకున్నవారూ కారు. 2018 జనవరిలో, 500 రూపాయలకే ఆధార్ వివరాలు అమ్ముడవుతున్నాయని 'ట్రిబ్యూన్' బయటపెట్టినప్పుడు, విలేఖరి పేరుతో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఎడిటర్స్ గిల్డ్ ఖండించింది, పత్రిక తన వార్తకు కట్టుబడింది. మార్చిలో ప్రధాన సంపాదకుడు హరీశ్ ఖరే వైదొలిగారు. ఈ రెండింటినీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. యజమాని ఉన్న పత్రికలో సంపాదకుడు వెళ్లిపోతే ఎవరిని అడగాలో పాఠకుడికి తెలుసు. యజమాని లేని చోట ఆ ప్రశ్న ఎవరి గుమ్మం ముందు వేయాలి?