పచ్చ బటన్ నొక్కిందెవరు?

కర్నూలు, కడప మెట్ట పొలాల్లో త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే ఆ ఫీడరు కింది బోర్లన్నిటికీ ఒకేసారి వస్తుంది. ఇండక్షన్ మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మరు గతేమిటి? వాటిని తీసేయమని కరెంటోళ్లు పోరేది అందుకే.

ఒక్కో మోటారు కాస్త ఎడంగా లేవాలని తయారైన పెట్టె ఇది. లోపల ఏటీ89ఎస్52 మైక్రోకంట్రోలర్, యూఎల్‌ఎన్2003, ఒక రిలే. రిలే పాయింట్లు స్టార్టరు పచ్చ బటన్‌కు పక్కగా కలిపారు. కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి, మన బదులు ఆ బటన్ నొక్కడమే దాని పని.

"కరెంటు రాంగానే మోటరు లేచ్చాంది సార్, ఇంగ టైమరెందుకు?" అన్నాడు పెట్టె పెట్టించుకున్న రైతు.

అనుమానం ముందు ప్రోగ్రాము మీదికే పోయింది. కనిపించేది అదే కదా. మూడు నిమిషాలను ముప్పై చేసినా, మొదటి వరుసలోనే పోర్టుకు సున్నా రాసినా తేడా లేదు.

రెండో ఆనవాలు రీసెట్ బటన్. నొక్కి పట్టుకున్నంతసేపూ రిలే పడే ఉంది, వదలగానే వదిలింది. ప్రోగ్రాము నడవనప్పుడే రిలే పనిచేస్తోందన్నమాట. అయితే చిప్పు పాడైందా? సాకెట్లోంచి చిప్పే పీకేసి కరెంటు ఇస్తే రిలే టక్కుమని పడింది, ఈసారి అసలు వదల్లేదు!

చిప్పే లేనప్పుడు ఆజ్ఞ ఇచ్చిందెవరు? బోర్డు మీద మిగిలింది రిలేను నడిపే పోర్టు 0 పిన్నుకు కట్టిన 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్. 8051 రకం చిప్పుల్లో పోర్టు 0కి లోపల పుల్-అప్ ఉండదు. బయట పెట్టుకోవాలని పాఠ్యపుస్తకాలే చెబుతాయి. రీసెట్‌లో ఆ పిన్నులు చేతులు వదిలేస్తాయి. వదిలిన పిన్నును రెసిస్టర్ 5 వోల్టులకు లాగుతుంది. యూఎల్‌ఎన్2003కు 1 అందితే రిలే ఆన్.

రీసెట్ ఉండేది ఎంతసేపని? 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలోఓమ్ రెసిస్టర్ కలిస్తే సెకనులో పదో వంతు. రిలే పడటానికి అందులో పదో వంతు చాలు. మరి మోటారు ఆగకుండా ఎందుకు తిరుగుతోంది? పచ్చ బటన్ మీద క్షణం నొక్కితే చాలు, కాంటాక్టరు తన హోల్డింగ్ పాయింటుతో తానే పట్టుకుంటుంది. రెసిస్టర్ నొక్కిందీ ఆ క్షణమే.

పుల్-అప్ తీసేసి గ్రౌండుకు రెసిస్టర్ పెడదామంటే పోర్టు 0 సొంతంగా 1 ఇవ్వలేదు. అందుకే యూఎల్‌ఎన్‌కు ముందు 74హెచ్‌సీ04 ఇన్వర్టరు వేసి, ప్రోగ్రాములో 0 అంటే ఆన్ అని మార్చాలి. ఆపైన చిప్పు పీకినా, రీసెట్ నొక్కినా రిలే కదలదు. ఏటీమెగా328లో అయితే రీసెట్‌లో పిన్నులు గాలిలో తేలతాయి. మోస్‌ఫెట్ గేటుకు 10 కిలోఓమ్‌లు గ్రౌండుకు కట్టాలి. సున్నాకు ఆన్ అయ్యే రిలే బోర్డులైతే అదే రెసిస్టర్ 5 వోల్టుల వైపు.

పెద్ద మోటార్ల స్టార్-డెల్టా స్టార్టరు దగ్గర మాత్రం ఇంతటితో సరిపెట్టుకుంటే ప్రమాదం. రీసెట్‌లో రెండు పిన్నులూ 1 అయితే స్టార్, డెల్టా కాంటాక్టర్లు కలిసి పడి మూడు ఫేజులూ షార్ట్ అవుతాయి. స్టార్ కాయిల్ వైరు డెల్టా కాంటాక్టరులో మామూలుగా మూసి ఉండే ఎన్‌సీ పాయింటు గుండా, డెల్టాది స్టార్ ఎన్‌సీ గుండా పోవాల్సిందే, చిప్పు ఏదైనా సరే.