రేవుకొచ్చిన పుస్తకాలు

ఇప్పుడు ఎక్కడైనా కొత్త గ్రంథాలయం కట్టాలంటే ముందు స్థలం చూస్తారు, తర్వాత ప్లాను గీయిస్తారు. చదివేవాళ్ల మాట చివర్లో వస్తుంది. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు ఈ వరస తిరగబడింది. చదివేవాళ్లున్న చోటికే పుస్తకాల పెట్టె వెళ్లింది. అదీ పడవెక్కి!

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలు తడపడమే కాదు, ఊళ్లకు రహదారులూ అయ్యాయి. ధాన్యం బస్తాలు, పెళ్లివారు, కోర్టు పనులవాళ్లు అందరూ పడవల్లోనే. గాలి పడిపోతే గట్టు మీంచి మనుషులు తాడు పట్టి లాగేవారు. ఆ నిదానం ప్రయాణికులకు విసుగేమో గానీ, పుస్తకానికి మాత్రం అంతకంటే మంచి కాలం దొరకదు.

పెదపాలెం వాసి పాతూరి నాగభూషణం పట్టుకున్నది ఆ నాడినే. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. అప్పటికాయనకు ఇరవై ఎనిమిదేళ్లు. భవనం లేదు, గోడలు లేవు. జనం రోజూ వచ్చిపోయే కాలువ దారే ఆ గ్రంథాలయానికి ప్లాను.

ఈ ఊహకు దన్నుగా పాతికేళ్ల ఉద్యమం ఉంది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పెట్టుకున్నారు. పేరు బరువే, పని మాత్రం తేలిక మాటల్లో సాగింది. అయ్యంకి వెంకటరమణయ్య 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపి, ఊరూరా తిరిగి యువకులను కదిలించారు. చందాలు ఊరివి, పుస్తకాలు ఊరివి, చాలాచోట్ల చోటు కూడా ఎవరిదో అరుగో, చావడో. వేటపాలెంలో 1918లో ఇలాగే మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు.

1948లో మద్రాసు గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతీ స్థిరపడింది. జీతాలు, భవనాలు సమకూరాయి, మంచిదే. కాకపోతే ఏ ఊరికి ఏ పుస్తకం కావాలన్న మాట అరుగు మీంచి జిల్లా గ్రంథాలయ సంస్థ ఆఫీసుకు మారింది.

నాగభూషణం తర్వాత విజయవాడ చేరి గ్రంథాలయ సంఘం పనిలో తలమునకలయ్యారు. పటమటలోని సర్వోత్తమ భవనం ఆ సంఘానిదే. రోడ్లు పడి, బస్సులొచ్చాక పడవలు తగ్గిపోయాయి. కాలువలో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి, ధాన్యం మాత్రం లారీల్లో వెళ్తోంది.