పాతర తెరిచిన ఇల్లు

1866 కరువుకు ఈ 2026తో నూట అరవై ఏళ్లు నిండుతాయి. కరువుకు పుట్టినరోజు చేసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి సభలు జరగవు, దండలు పడవు. అయినా నంద్యాల, ఆళ్లగడ్డల వైపు ఒకప్పటి కలిగిన ఇల్లు ఎలా ఉండేదో చెప్పుకోవడానికి అంతకన్నా తగిన ఏడాది నాకు కనిపించలేదు. పంటలు పండిన కాలంలో కలిగినవాళ్లందరూ ఒక్కలాగే ఉంటారు, తేడా తెలిసేది కరువులోనే.

ముందున్న శతాబ్దాలను కాస్త పరుగు మీద దాటేద్దాం. ప్రోలయ వేమారెడ్డి అహోబిలం కొండకు మెట్లు కట్టించాడు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో, 1515లో, వచ్చి నరసింహస్వామికి నగలు పెట్టి వెళ్లాడు. నంద్యాల కృష్ణరాజు పింగళి సూరన చేతి నుంచి కళాపూర్ణోదయాన్ని అంకితం పుచ్చుకున్నాడు. విజయనగరం కూలింది. 1800లో కోయిలకుంట్ల వైపు సీమ నిజాము చేతిలోంచి కుంపిణీ చేతికి మారింది. నంద్యాల మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు కిందే ఉండిపోయింది. ఇన్నేళ్లలో రాజులు గుళ్లకు ఏమిచ్చారో రాళ్ల మీద చదువుకోవచ్చు. ఆ రాజుల దళాలకు ధాన్యం తోలిన శెట్టి, శిస్తు కట్టిన రెడ్డి ఇంట్లో ఏం వండుకున్నారో మాత్రం ఏ రాయీ చెప్పదు.

పందొమ్మిదో శతాబ్దంలోకి వస్తే ఆ ఇల్లు కొంచెం కళ్లకు కడుతుంది. పైన చౌడు మట్టి పరిచిన మిద్దె, వెలుగు కోసం కప్పులో గవాక్షం, కింద నాపరాళ్ల బండపరుపు. ముందు కట్టుగొట్టం, ఎద్దులు. వెనక పొయ్యిలు, తిరగళ్లు, రోకళ్లు. ఇంట్లో ఎంతమంది అంటే లెక్క దొరకదు: అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, జీతగాళ్లు, పూటకోసం వచ్చి ఏళ్లకేళ్లు ఉండిపోయిన దూరపు చుట్టం. ఈ నల్లరేగడి సీమలో పెద్ద రైతుకూ వ్యాపారికీ మధ్య గోడ ఎత్తుగా ఉండేది కాదు. జొన్న, కొర్ర, పత్తి పండించే చెయ్యే అప్పిచ్చేది, ధర చూసి అమ్మేది. ఆ చేతికి అందనిది కోమటి దుకాణం చూసుకునేది. సరుకు బండ్ల మీద, లంబాడీల పెరికె ఎద్దుల మీద పోయేది.

ఆ ఇంటి అసలు సిరి మిద్దెలో ఉండేది కాదు, నేల కింద ఉండేది. గట్టి నేల చూసి గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా గడ్డి వేసి, జొన్నలు పోసి, మన్ను కప్పి మూసేస్తే అది పాతర. ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా గింజ నిలిచేది. తెరిచినప్పుడు వెంటనే దిగకూడదు. లోపల చెడిన గాలి మనిషిని చంపేస్తుంది. కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దింపి, అది ఆరకపోతేనే దిగేవాళ్లు. బ్యాంకుల్లేని సీమలో అది ఖజానా. దానికి తాళం లేదు. ఊరందరికీ ఎక్కడుందో తెలుసు, వాళ్లను ఆపేది ఇంటాయన మీది గౌరవమో భయమో మాత్రమే.

ఇక నాకిష్టమైన చోటికి వద్దాం. ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల వైపు పోతే ఉయ్యాలవాడ. పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది నరసింహారెడ్డి. నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను తెచ్చిన అవమానం నుంచి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, కుంపిణీ సేనలతో పోరాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరికంబమెక్కిన పాలెగాడు. ఆయన తల 1877 దాకా కోయిలకుంట్ల కోట గుమ్మానికి వేలాడుతూనే ఉంది. పోగా పోగా మిగిలిన ఆ పుర్రె కింద నుంచే జనం సంతకు పోయి వచ్చారు. ఆ ఉరి జరిగిన ఇరవై ఏళ్ల అటూఇటుగా అదే ఊరి మరో రెడ్డికి తెల్లదొరలు విక్టోరియా రాణి పేర బంగారు పతకం ఇచ్చారు. ఆయన బుడ్డా వెంగళరెడ్డి.

ఆ పతకం తెచ్చిన 1866 కరువుకు ముందు నాలుగేళ్లూ ఈ సీమకు పత్తి పండగ. అమెరికాలో అంతర్యుద్ధం 1861లో మొదలై లాంకషైర్ మిల్లులకు దూది ఆగిపోతే, బళ్లారి, కర్నూలు జిల్లాల పత్తికి కనీవినీ ఎరుగని ధర పలికింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడిపోయింది. అదే ఏడు వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏటికల్లా జొన్న ధర కూలివాడికి అందనంత పైకి పోయింది. చేతిలో పత్తి డబ్బులున్నా కొనడానికి గింజ లేని విచిత్రమైన కరువు అది.

వెంగళరెడ్డి పాతరలు తెరిపించాడు. ఉయ్యాలవాడలో అంబలి కాయించి వచ్చినవాళ్లందరికీ పోయించాడు, మూడు నెలల పాటు. రోజుకు ఎంతమంది అంటే ఎక్కువగా వినిపించే అంకె ఎనిమిది వేలు. కథల్లో అంకెలు పెరుగుతాయని నాకు తెలుసు. అందుకే కాగితం మీద పెట్టి చూశాను. మనిషికి పావు కిలో జొన్నపిండి చొప్పున ఎనిమిది వేల మందికి రోజుకు ఇరవై క్వింటాళ్లు. తొంభై రోజులకు పద్దెనిమిది వందల క్వింటాళ్లు. ఎకరాకు రెండు క్వింటాళ్లు పండే మెట్ట నేలలో అది తొమ్మిది వందల ఎకరాల పంట. జనాన్ని సగానికి తగ్గించినా తొమ్మిది వందల క్వింటాళ్లు, అంటే ఒక్క ఇంటి ఒక్క ఏటి దిగుబడితో తేలే వ్యవహారం కాదు. ఏళ్లతరబడి నేల కింద దాచింది ఒక్క ఎండాకాలంలో పైకొచ్చిందన్నమాట.

అడక్కుండానే మరో లెక్క కూడా వస్తుంది. ఇరవై క్వింటాళ్ల జొన్న రోజూ విసరాలి. ఆ ఇంటి కోడళ్లు, కూతుళ్లు, ఊళ్లో తిరగలి ఉన్న ప్రతి ఆడమనిషి కోడి కూయకముందే మొదలుపెట్టినా అయ్యే పని కాదు. నీళ్లు మోయాలి, కట్టెలు తేవాలి, గంగాళాలు తోమాలి, వరసలో తోపులాట ఆపాలి. కలిగినాయన దానం అంటాం గానీ అది మూడు నెలల పాటు ఒక ఊరు మొత్తం చేసిన చాకిరీ.

ఆయన ఎందుకు చేశాడు? దయ అనుకుంటే సరిపోతుంది, పాటలు కట్టి పాడుకున్న బిచ్చగాళ్లు అలాగే అనుకున్నారు. నాకు దయతో పాటు లోకజ్ఞానం కూడా కనిపిస్తుంది. ఆకలి ఊరి మధ్య నిండు పాతర పెట్టుకుని కూర్చోవడం నిప్పు మీద కూర్చోవడమే. పదేళ్ల తర్వాత ధాత కరువులో ఇదే జిల్లాలో ధాన్యం బండ్లు దోపిడీ అయ్యాయి. అలాంటప్పుడు తన చేత్తో తెరిచిన పాతర మర్యాద, ఇతరులు తెరిచింది లూటీ. తెలివిగా దయ చూపడం తక్కువ దయ కాదనే నా నమ్మకం. ఇక సర్కారు సంగతి: వేలమంది ప్రాణాలకు ఒక పతకం ఖర్చు. గంజి కేంద్రాలు పెట్టడం కన్నా చాలా చవక.

ఆ కరువు నాటికి కర్నూలు–కడప కాలువ తవ్వుతూనే ఉన్నారు. 1863లో పని మొదలుపెట్టింది సర్కారు కాదు, లాభం కోసం లండన్‌లో పుట్టిన కంపెనీ. తవ్వారు, నీళ్లొచ్చాయి, రైతులు మాత్రం నల్లరేగడికి తడి ఎందుకని మొహం తిప్పుకున్నారు. కంపెనీ దివాలా దారి పట్టింది. 1882లో సర్కారు దాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది. ఈలోగా 1876లో ధాత కరువు వచ్చి కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతును తీసుకుపోయింది. ఒక పాతర, ఒక రెడ్డి ఆపగలిగే కరువు కాదది.

తర్వాతి కథ అంత తిన్నగా సాగదు. నంద్యాలకు రైలొచ్చింది, ఆళ్లగడ్డకు రాలేదు. దాంతో పత్తి బేళ్లూ లెక్కల పుస్తకాలూ నంద్యాలకు చేరాయి. 1906లో అక్కడ వ్యవసాయ క్షేత్రం పెట్టి పత్తి విత్తనాల మీద పని మొదలుపెట్టారు. 1928లో అదే నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో నిజాము కుంపిణీకి ఇచ్చిన దత్త మండలాలు రాయలసీమ అయ్యాయి. కాలువ నీళ్లకు వరి వచ్చింది, జొన్నలు వెనకబడ్డాయి, పాతరలు పూడ్చేశారు. 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావును గెలిపించి పంపిన నంద్యాలలో, రాజకీయం వ్యాపారం కన్నా పెద్ద వ్యాపారమైంది. అణు పరిశోధన ఉద్యోగం మానుకుని వచ్చి నంది పైపులు తయారుచేసిన ఎస్పీవై రెడ్డి రెండూ చేశాడు. ఆయన ఊళ్లో చవకగా రొట్టె, పప్పు కూడా పెట్టించాడు. అది దానమా, ప్రచారమా అని జనం వాదించుకున్నారు. 1866లో ఓట్లు లేవు కాబట్టి వెంగళరెడ్డికి ఆ చిక్కు రాలేదు.

నరసింహారెడ్డి మీద 2019లో పెద్ద సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. న్యాయమే. వెంగళరెడ్డి మీద సినిమా తీయమని ఏ నిర్మాతనూ ఒప్పించలేం. కత్తియుద్ధం లేదు, గుర్రాలు లేవు. విలన్ వానదేవుడు. పతాక సన్నివేశంలో కూడా హీరో చేతిలో ఉండేది గరిటే.